వాల్టర్ పేటన్: 13 సీజన్లు.. మిస్ అయింది ఒక్క మ్యాచే! దెబ్బలకు లొంగని రన్నింగ్ బ్యాక్ కథ ఇదీ

అమెరికన్ ఫుట్‌బాల్ క్లిప్స్ మీ ఫీడ్‌లో ఎప్పుడైనా కనిపించే ఉంటాయి. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బంతిని చంకలో బిగించుకుని పరిగెత్తుతాడు. వందకు పైగా కిలోల బరువున్న నలుగురైదుగురు వచ్చి మీద పడతారు. అతను లేస్తాడు.. మళ్లీ పరిగెత్తుతాడు. ఆ పని చేసేవాడినే రన్నింగ్ బ్యాక్ అంటారు. ఆటలో అందరికంటే ఎక్కువ దెబ్బలు తినే పొజిషన్లలో ఇదొకటి. చాలామంది నాలుగైదేళ్లు కూడా నిలవలేరు. మోకాలో, చీలమండో, భుజమో ఏదో ఒకటి చేతులెత్తేస్తుంది.

అలాంటి పొజిషన్‌లో ఒకాయన 13 సీజన్లు ఆడాడు. ఆ 13 సీజన్లలో మిస్ అయింది ఒకే ఒక్క మ్యాచ్. అది కూడా తను వద్దన్నా కోచ్‌లే కూర్చోబెట్టారు. ఆయన పేరు వాల్టర్ పేటన్. చికాగో బేర్స్ టీమ్, జెర్సీ నంబర్ 34. అభిమానులు ముద్దుగా పిలుచుకున్న పేరు స్వీట్‌నెస్. పేరు వింటే మెత్తగా ఉంటుంది కానీ ఆయన ఆట మాత్రం అస్సలు మెత్తన కాదు.

ఆయన చనిపోయి పాతికేళ్లు దాటింది. అయినా రన్నింగ్ బ్యాక్ శరీరం ఎంతకాలం తట్టుకుంటుంది అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ అమెరికాలో మొదట వినిపించే పేరు ఇదే. ఎందుకలా? మొదటి నుంచి చూద్దాం.

డ్రమ్స్ వాయించే కుర్రాడు

మిసిసిప్పి రాష్ట్రంలో కొలంబియా అనే చిన్న పట్టణం. 1950ల మొదట్లో పేటన్ అక్కడే పుట్టాడు. అప్పట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు బడులే వేరు. పేటన్ చదివిన జెఫర్సన్ హైస్కూల్ అలాంటిదే.

విచిత్రం ఏంటంటే, మొదట్లో అతనికి ఫుట్‌బాల్ మీద అంత మోజు లేదు. స్కూల్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. లాంగ్ జంప్ చేసేవాడు. అన్న ఎడ్డీ అప్పటికే స్కూల్ టీమ్‌లో స్టార్. అన్న ఆడుతున్నంత కాలం తమ్ముడు ఆ వైపే వెళ్లలేదు. ఎడ్డీ స్కూల్ దాటాకే వాల్టర్ బంతి పట్టుకున్నాడు.

1970లో కోర్టు ఆదేశాలతో ఆ ప్రాంతంలో నల్లపిల్లల బడి, తెల్లపిల్లల బడి ఒక్కటయ్యాయి. ఊరంతా ఉద్రిక్తంగా ఉన్న రోజులవి. అలాంటి టైమ్‌లో నల్ల, తెల్ల పిల్లలు కలిసి ఆడిన కొలంబియా హైస్కూల్ టీమ్‌కు పేటనే ప్రధాన ఆటగాడు. శుక్రవారం రాత్రి మ్యాచ్ అంటే రెండు వర్గాల వాళ్లూ ఒకే గ్యాలరీలో కూర్చుని ఒకే కుర్రాడి కోసం అరిచేవాళ్లు. ఊళ్లో గొడవలన్నీ దాంతో మాయమయ్యాయని చెప్పలేం కానీ, వేడి కొంత తగ్గిందని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత ఆడినా దక్షిణాదిలోని పెద్ద తెల్లజాతి యూనివర్సిటీలు అతని వెంటపడలేదు. చివరికి అన్న చదువుతున్న జాక్సన్ స్టేట్‌లోనే చేరాడు. అది నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన యూనివర్సిటీ. అక్కడ నాలుగు సీజన్లలో 3,500 గజాలకు పైగా పరిగెత్తాడు.

గీత దాటి బయటకు పోవద్దు

పేటన్ ఆటను మలిచింది జాక్సన్ స్టేట్ కోచ్ బాబ్ హిల్. ఆయన చెప్పిన పాఠం సింపుల్‌గా ఉంటుంది, చేయడమే కష్టం.

మామూలుగా రన్నింగ్ బ్యాక్ ఏం చేస్తాడు? మైదానం అంచుకు వచ్చాక ప్రత్యర్థి మీదకు దూకుతుంటే గీత దాటి బయటకు వెళ్లిపోతాడు. దెబ్బ తప్పుతుంది. తప్పేం లేదు, చాలామంది చేసేదే. హిల్ మాత్రం అలా తప్పించుకోవద్దన్నాడు. ఎలాగూ కింద పడతావు, పడేలోపు ఎదుటివాడికి కూడా నొప్పి తెలియాలి అన్నది ఆయన సిద్ధాంతం. తేలిగ్గా చావొద్దు అన్న అర్థం వచ్చే ఆ మాటే తర్వాత పేటన్ జీవితానికి నినాదమైంది. ఆయన ఆత్మకథకు పేరు కూడా అదే.

దీని వెనక ఒక లెక్క ఉంది. నిలబడిపోయినవాడికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఎదురెళ్లేవాడికి ఆ దెబ్బ ఎప్పుడు, ఎక్కడ తగలాలో కొంతవరకైనా తన చేతిలో ఉంటుంది. పేటన్ చేయి చాచి ప్రత్యర్థి హెల్మెట్ మీదో, ఛాతీ మీదో తోసేవాడు. ఆఖరి అడుగులో భుజం వంచి తనే ఢీకొట్టేవాడు. పేటన్ ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 90 కిలోల చిల్లర. ఈ ఆటలో అదేమీ పెద్ద శరీరం కాదు. అయినా ఆయన్ను ఆపిన డిఫెండర్లు సోమవారం ఉదయం ఒళ్లు నొప్పులతో లేచేవాళ్లు.

మొదటి మ్యాచ్‌లో సున్నా

1975 డ్రాఫ్ట్‌లో చికాగో బేర్స్ అతన్ని నాలుగో పిక్‌గా తీసుకుంది. అప్పటికి బేర్స్ పరిస్థితి ఏం బాగాలేదు. పేటన్ మొదటి మ్యాచ్ గణాంకాలు చూస్తే నవ్వొస్తుంది. 8 సార్లు బంతి తీసుకున్నాడు. సంపాదించింది సున్నా గజాలు!

అదే సీజన్‌లో చీలమండ దెబ్బతింది. తను ఆడగలనని పట్టుబట్టాడు. కోచింగ్ స్టాఫ్ వినలేదు, ఒక మ్యాచ్ పక్కన పెట్టారు. కెరీర్ మొత్తంలో ఆయన ఆడని మ్యాచ్ అదొక్కటే. ఆ తర్వాత 1987 చివరి వరకూ మళ్లీ బెంచ్ మీద కూర్చోలేదు. బేర్స్ తరఫున మొత్తం 190 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు.

రెండో సీజన్‌లోనే 1,390 గజాలు. మూడో సీజన్, అంటే 1977లో 1,852 గజాలు. ఆ ఏడాది లీగ్ అత్యంత విలువైన ఆటగాడు ఆయనే.

జ్వరంతో 275 గజాలు

1977 నవంబర్ 20. మిన్నెసోటా వైకింగ్స్‌తో మ్యాచ్. అంతకుముందు నుంచే పేటన్‌కు ఫ్లూ. ఒళ్లు కాలిపోతోంది. ఆడతాడా లేదా అన్నదే డౌట్. మన ఇళ్లలో అయితే ఆ రోజు కషాయం తాగించి దుప్పటి కప్పి పడుకోబెట్టేవాళ్లు.

ఆయన ఆడాడు. 40 సార్లు బంతి తీసుకుని 275 గజాలు పరిగెత్తాడు. ఒకే మ్యాచ్‌లో అన్ని గజాలు అప్పటిదాకా ఎవరూ పరిగెత్తలేదు. ఆ రికార్డు 23 ఏళ్లు, అంటే 2000 దాకా నిలిచింది. ఇంతా చేస్తే బేర్స్ గెలిచింది 10-7 తేడాతో. అంటే ఆ రోజు ఆయన లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఆ కొండ.. ఆ పరుగు

ఈ ఒంటికి ఇంత ఓపిక ఎక్కడిది? దీనికి సమాధానం జిమ్‌లో దొరకదు. సొంతూళ్లో ఉన్నప్పుడు పెర్ల్ నది ఒడ్డున ఇసుకలో పరిగెత్తేవాడు. ఇసుకలో కాలు దిగబడుతుంది, ప్రతి అడుగుకూ రెట్టింపు బలం కావాలి. చికాగో వచ్చాక ఆర్లింగ్టన్ హైట్స్ అనే శివారులో నిటారుగా ఉన్న ఒక గుట్ట దొరికింది. ఎండాకాలంలో రోజూ దాని మీదికి పరుగు, కిందికి నడక, మళ్లీ పరుగు. ఆయనతో పోటీపడదామని వచ్చిన తోటి ఆటగాళ్లు, ఇతర క్రీడాకారులు మధ్యలోనే వాంతులు చేసుకుని కూలబడిన కథలు బోలెడు.

గుట్ట ఎక్కేటప్పుడు పిక్కలు, తొడలు, నడుము అన్నీ కలిసి పనిచేస్తాయి. మోకాలి చుట్టూ ఉండే కండ గట్టిపడుతుంది. ఆ కండే మైదానంలో కీలును కాపాడుతుంది. పేటన్‌కు అదృష్టం కూడా కలిసొచ్చింది, కాదనలేం. కానీ ఆ అదృష్టాన్ని ఏటా ఎండలో పరిగెత్తి సంపాదించుకున్నాడు.

రికార్డు పడింది.. సూపర్ బౌల్ వచ్చింది

బేర్స్ చాలా ఏళ్లు ఓడుతూనే ఉంది. ఓడే టీమ్‌లో రన్నింగ్ బ్యాక్‌గా ఉండటం మరీ కష్టం. బంతి ఎవరికిస్తారో ఎదుటివాళ్లకు ముందే తెలుసు కాబట్టి అందరూ అతని మీదే కన్నేస్తారు. అలాంటి రోజుల్లోనూ పేటన్ 10 సీజన్లలో 300కు పైగా సార్లు బంతి మోశాడు.

1982లో మైక్ డిట్కా కోచ్‌గా వచ్చాక టీమ్ మారింది. ముందు నిలబడి దారి చేసే లైన్‌మెన్ బలపడ్డారు. 1983 నుంచి 1986 వరకు వరుసగా నాలుగేళ్లు పరుగుల్లో లీగ్‌లో నంబర్ వన్ బేర్సే. 1984 అక్టోబర్ 7న సోల్జర్ ఫీల్డ్‌లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మీద పేటన్ జిమ్ బ్రౌన్ రికార్డు దాటేశాడు. దాదాపు 20 ఏళ్లుగా ఎవరూ అందుకోలేని 12,312 గజాల రికార్డు అది.

1985 సీజన్‌లో బేర్స్ 16 లీగ్ మ్యాచ్‌లలో 15 గెలిచింది. 1986 జనవరి 26న సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్‌ను 46-10తో చిత్తు చేసింది. పదేళ్లకు పైగా టీమ్‌ను భుజాన మోసినవాడికి దక్కాల్సిన రోజు. కానీ ఆ మ్యాచ్‌లో పేటన్‌కు ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు. గోల్ లైన్ దగ్గరకు వచ్చినప్పుడు బంతిని భారీకాయుడు విలియం పెర్రీకి ఇచ్చారు. ఆయన స్కోర్ చేశాడు, దేశమంతా నవ్వుకుంది. పేటన్ మాత్రం టీమ్ సంబరాల మధ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ విషయం తన కోచింగ్ జీవితంలో పెద్ద తప్పని డిట్కా తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నాడు.

ఆఖరి ఆట

1988 జనవరి 10. సోల్జర్ ఫీల్డ్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, ప్రత్యర్థి వాషింగ్టన్. బేర్స్ 21-17తో వెనకబడింది. ఆఖరి అవకాశంలో బంతి పేటన్ చేతికే వచ్చింది. కావాల్సిన దూరానికి అడుగు ముందు ప్రత్యర్థి అతన్ని గీత అవతలికి తోసేశాడు. జీవితమంతా గీత దాటి బయటకు వెళ్లనని పంతం పట్టినవాడి కెరీర్ గీత బయటే ముగిసింది.

మ్యాచ్ అయిపోయినా ఆయన బెంచ్ మీద నుంచి లేవలేదు. హెల్మెట్ తీయకుండా తల దించుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆ ఫుటేజ్ ఇప్పటికీ చూడొచ్చు.

మొత్తం లెక్క ఇదీ: 3,838 సార్లు బంతి మోశాడు. 16,726 గజాలు పరిగెత్తాడు. మీటర్లలో చెప్పాలంటే 15 కిలోమీటర్లకు పైనే. మ్యాచ్‌కు సగటున 20 సార్లు, ఒక్కోసారి నాలుగు మీటర్లు, ప్రతిసారీ చివర్లో ఒక గుద్దు. పరుగుల్లో 110, అన్నీ కలిపి 125 టచ్‌డౌన్లు. పైగా 492 క్యాచ్‌లు పట్టాడు. రన్నింగ్ బ్యాక్ అయ్యుండి 8 టచ్‌డౌన్ పాస్‌లు కూడా విసిరాడు! ఆయన గజాల రికార్డును 2002లో ఎమ్మిట్ స్మిత్ దాటాడు. రెండో స్థానం మాత్రం ఇప్పటికీ పేటన్‌దే.

జోన్ బ్లాకింగ్ అంటే ఏంటి? పేటన్‌తో పోలికెందుకు?

ఇక్కడ చిన్న టెక్నికల్ విషయం. ఓపిగ్గా చదవండి, కథలో దీనికి పనుంది.

పేటన్ రోజుల్లో లైన్‌మెన్ ఎక్కువగా మనిషికి మనిషి లెక్కన అడ్డుకునేవాళ్లు. నువ్వు వాడిని ఆపు, నేను వీడిని ఆపుతా, బ్యాక్ ఈ సందులోంచి పోతాడు అన్నట్టు. సందు మూసుకుపోతే బ్యాక్ తన తిప్పలు తనే పడాలి. పేటన్ ఆ తిప్పలు పడటంలోనే మొనగాడు.

1990ల్లో డెన్వర్ బ్రాంకోస్ కోచ్ మైక్ షానహాన్, లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్ ఇంకో పద్ధతిని రాటుదేల్చారు. అదే జోన్ బ్లాకింగ్. ఇందులో లైన్‌మెన్ అంతా ఒకే వైపు ఒకేసారి కదులుతారు. ప్రతివాడు ఒక మనిషిని కాదు, ఒక చోటును చూసుకుంటాడు. రన్నింగ్ బ్యాక్ ఆ గోడ వెంటే వెళ్తూ ఖాళీ కనిపించగానే ఒక్కసారి కాలు నాటి దూసుకుపోతాడు. చిందులు వేయకూడదు, వెనక్కి తిరగకూడదు. కబడ్డీలో రైడర్ గొలుసులో సందు కోసం చూస్తుంటాడు కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆలోచించడానికి సెకను కూడా ఉండదు.

ఆ పద్ధతిలో పుట్టిన స్టార్ టెరెల్ డేవిస్. 1995లో ఆరో రౌండ్‌లో వచ్చిన కుర్రాడు 1998లో ఏకంగా 2,008 గజాలు పరిగెత్తాడు. టీమ్‌కు వరుసగా రెండు సూపర్ బౌల్స్. కానీ 1998 లీగ్ మ్యాచ్‌ల్లోనే అతను 392 సార్లు బంతి మోశాడు. మరుసటి ఏడాది అక్టోబర్‌లో మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. అది కూడా పరిగెత్తుతూ కాదు.. బంతి ఎదుటివాళ్ల చేతికి పోతే ఆపబోయి! ఆ తర్వాత పాత డేవిస్ కనిపించలేదు. మొత్తం ఆడింది 78 మ్యాచ్‌లు.

ఆ తర్వాత ఏం జరిగింది? డెన్వర్ ఆగలేదు. ఆ సీజన్‌లోనే ఒలాండిస్ గ్యారీ, మరుసటి ఏడాది మైక్ యాండర్సన్, 2002లో క్లింటన్ పోర్టిస్ తలా వెయ్యి గజాలు దాటారు. అంటే పద్ధతి బాగుంటే మనిషి మారినా పరుగు ఆగదని లీగ్‌కు అర్థమైంది. ఇప్పుడు చాలా టీమ్‌లు ఒక్కడి మీద భారం వేయకుండా ఇద్దరు ముగ్గురికి పంచుతున్నాయి. ఆటగాడి మోకాళ్లకు అది మేలే. కానీ నువ్వు పోతే ఇంకొకడు అన్న మాట కూడా అందులోనే ఉంది. జీతాల దగ్గర రన్నింగ్ బ్యాక్‌లు గొడవపడేది ఇందుకే.

పేటన్ కాలంలో పద్ధతి ఆయన్ను కాపాడలేదు. ఆయనే టీమ్‌ను కాపాడాడు. ఆ తేడా ఆయన ఒంటి మీదే పడింది.

ఆ దెబ్బలకు ధర లేదా?

ఉంది. 2011లో జెఫ్ పెర్ల్‌మన్ రాసిన జీవిత చరిత్ర ఆ వైపు చూపించింది. ఆడుతున్నప్పుడూ, మానేశాకా నొప్పి మాత్రలు విపరీతంగా వాడాడని, రిటైర్మెంట్ తర్వాత కుంగుబాటుతో సతమతమయ్యాడని, సంసారంలో కూడా కలతలు ఉన్నాయని అందులో రాశారు. పుస్తకంపై పెద్ద దుమారమే రేగింది. కుటుంబం, బేర్స్ టీమ్ అభ్యంతరం చెప్పాయి. అభిమానులు మండిపడ్డారు.

అన్నీ పక్కన పెట్టినా ఒక్క మాట నిజం. ప్రతి ఆదివారం గుద్దులు తిని ప్రతి ఆదివారం లేచినవాడికి మామూలు జీవితంలోకి రావడం తేలిక కాలేదు. సెయింట్ లూయిస్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ తేవాలని ప్రయత్నించాడు, కుదరలేదు. కార్ రేసింగ్‌లోకి దిగాడు, ఒక రేసింగ్ టీమ్‌లో భాగస్వామి అయ్యాడు. 1993లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ రోజు తండ్రిని వేదిక మీద పరిచయం చేసింది 12 ఏళ్ల కొడుకు జారెట్. కొడుకు మాటలకు తండ్రి కళ్లు తుడుచుకున్నాడు.

దెబ్బలు కొట్టలేనిది జబ్బు కొట్టింది

1999 ఫిబ్రవరిలో పేటన్ మీడియా ముందుకు వచ్చాడు. జనం గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయాడు. తనకు ప్రైమరీ స్క్లెరోసింగ్ కొలాంజైటిస్ అనే అరుదైన కాలేయ వ్యాధి ఉందని, కాలేయ మార్పిడి అవసరమని చెప్పాడు. పిత్త నాళాలు క్రమంగా మూసుకుపోయే జబ్బు ఇది. ఎందుకొస్తుందో వైద్యులు ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేరు. భయంగా ఉందా అన్న ప్రశ్న వచ్చేసరికి ఆయన ఆపుకోలేకపోయాడు. కొడుకు పక్కనుండగానే ఏడ్చేశాడు. డిఫెండర్ల మీదకు ఎదురెళ్లినవాడు అందరి ముందూ భయపడ్డానని ఒప్పుకున్నాడు. దానికీ ధైర్యం కావాలి.

తర్వాత పిత్త నాళంలో క్యాన్సర్ బయటపడింది. అది పాకడంతో కాలేయ మార్పిడికి దారి మూసుకుపోయింది. తనకు ఇక అవయవం పనికిరాదని తెలిశాక కూడా ఆయన అవయవదానం గురించి మాట్లాడటం మానలేదు. తన కోసం కాదు, లైన్‌లో ఎదురుచూస్తున్న మిగతావాళ్ల కోసం. చికాగో ప్రాంతంలో చాలామంది డోనర్లుగా పేరు నమోదు చేసుకోవడానికి ఆ ప్రచారమే కారణమైంది.

ఆఖరి నెలల్లో ఎక్కువగా పక్కనున్నది మ్యాట్ సూహీ. ఫుల్‌బ్యాక్‌గా పేటన్ ముందు పరిగెత్తుతూ దారి చేసినవాడు. మైదానంలో చేసిన పనే ఇంటి దగ్గరా చేశాడు.

1999 నవంబర్ 1న పేటన్ కన్నుమూశాడు. 50 ఏళ్లు కూడా నిండలేదు. అప్పటికి టెరెల్ డేవిస్ మోకాలు విరిగి నెల రోజులు కూడా కాలేదు.

ఆరు రోజుల తర్వాత బేర్స్ తన చిరకాల ప్రత్యర్థి గ్రీన్ బే ప్యాకర్స్‌తో ఆడింది. 14-13తో ముందుంది. ఆఖరి క్షణంలో ప్యాకర్స్ ఫీల్డ్ గోల్ కొడితే మ్యాచ్ పోయినట్టే. బ్రయాన్ రాబిన్‌సన్ గాల్లోకి ఎగిరి బంతిని చేత్తో ఆపేశాడు. ఆ చెయ్యి ఎవరు పైకి లేపారో బేర్స్ అభిమానులను అడిగితే ఈ రోజుకీ ఒకటే పేరు చెబుతారు.

అవార్డులో మిగిలిన పేరు

సమాజానికి మేలు చేసిన ఆటగాడికి ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా ఒక అవార్డు ఇస్తుంది. 1977లో దాన్ని పేటన్ అందుకున్నాడు. 1999 నుంచి ఆ అవార్డుకు పేరే వాల్టర్ పేటన్ మ్యాన్ ఆఫ్ ది ఇయర్. ఆ గుట్ట ఉన్న చోట ఇప్పుడు గోల్ఫ్ కోర్స్ వచ్చింది. అయినా దాన్ని అందరూ పేటన్ కొండ అనే అంటారు. కుర్రాళ్లు ఇప్పటికీ వచ్చి పరిగెత్తి చూస్తుంటారు.

నొప్పిని దాచి ఆడటం గొప్పా, తప్పా అన్న చర్చ ఇప్పట్లో తేలదు. ఈ రోజుల్లో ఒక ఆటగాడు జ్వరంతో 40 సార్లు బంతి మోస్తానంటే డాక్టర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. కానీ పేటన్ క్లిప్స్ చూసేటప్పుడు ఒకటి గమనించండి. ఆయన ఎలా పరిగెత్తాడో హైలైట్స్‌లో కనిపిస్తుంది. పడ్డాక ఏం చేసేవాడో క్లిప్ కట్ అయిపోవడంతో కనిపించదు. లేచి, బంతిని రిఫరీకి ఇచ్చి, మళ్లీ లైన్ వెనక్కి వెళ్లి నిలబడేవాడు. అలా 3,838 సార్లు.